నా బంతి ఆపిన పిల్ల

రెండేళ్లపాటు మేమిద్దరం ఒకే జట్టులో ఆడాం. ఆ రెండేళ్లలో ఆమె బ్యాటుకు బంతి సరిగ్గా తగిలింది, నాకు గుర్తున్నంతవరకూ, నాలుగైదు సార్లకు మించదు. బ్యాటు పట్టుకుని నిలబడితే వేరే మనిషి అయిపోయేది. భుజాలు బిగుసుకుపోయేవి. బంతి దాటిపోయాక బ్యాటు తిరిగేది. అవతలి జట్టు పిల్లలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. కానీ నేను విసిరిన బంతిని ఆపగలిగిన పిల్ల మా హిందూపురం మొత్తంలో ఆమె ఒక్కతే. ఆ సంగతి మా ఆటల మేడమ్‌కు తెలుసు. అందరికంటే ఎక్కువగా నాకు తెలుసు. అడిగినరోజు మాత్రం నేను చెప్పలేదు.

తొంభైల చివర్లో మా ఆడపిల్లల హైస్కూలుకు కొత్తగా ఒక ఆటల మేడమ్ వచ్చింది. వచ్చిన వారానికే గోనెసంచి నిండా తోలు గ్లవ్‌లు, రెండు బ్యాట్లు, పసుపుపచ్చ బంతులు తెచ్చి మైదానంలో కుమ్మరించింది. సాఫ్ట్‌బాల్ అనే పేరు మేం వినడం అదే మొదలు. మెత్తని బంతి అని పేరే గానీ, తగిలితే ఎముక దాకా తెలిసేది. పిచర్ అనే అమ్మాయి చేతిని కిందినుంచి గిర్రున తిప్పి బంతి విసరాలి. ఎదురుగా ఒకమ్మాయి బ్యాటుతో కొట్టాలి. కొట్టి, బేస్‌లనే మూడు గుర్తుల మీదుగా చుట్టి తిరిగి వస్తే ఒక పరుగు. కొట్టేవాళ్ల వెనక, మోకాళ్ల మీద కూర్చుని, తప్పిపోయిన ప్రతి బంతినీ పట్టుకోవాల్సిన అమ్మాయి క్యాచర్. ఆ చోటు ఎవరికీ వద్దు. ముఖానికి అంత దగ్గర్లో బ్యాటు తిరుగుతుంది మరి.

నాకు చేతులు పొడుగు. మా నాయన పట్టుగూళ్ల మార్కెట్టు దగ్గర కిరాణా కొట్టు నడిపేవాడు. అంగట్లో మూటలు ఎత్తీ దించీ భుజాలు గట్టిపడ్డాయో ఏమో, నేను విసిరితే బంతి వేగంగా పోయేది. పైగా ఒకరకం బంతి నాకు తనంతట తానే పట్టుబడింది. బ్యాటు దాకా నేరుగా వచ్చి, ఆఖరి జానెడు దూరంలో తటాలున కిందికి పడిపోయేది. డ్రాప్ అంటారని మేడమ్ చెప్పింది. కొట్టేవాళ్లకు అది అందేది కాదు. పట్టేవాళ్లకూ అందేది కాదు. నేలకు తగిలి ఎటు ఎగురుతుందో తెలియదు. మొదటి వారంలోనే ఒక పిల్లకు పెదవి చిట్లింది, ఇంకో పిల్ల ఏడుస్తూ గ్లవ్ అక్కడే పడేసి క్లాసుకు వెళ్లిపోయింది.

"ఇంగ ఎవరైనా కూచుంటారా, లేకుంటే ఈ పిల్లని ఊరికే పక్కన నిలబెట్టాల్నా?" అని మేడమ్ అడిగింది.

బీ సెక్షన్ నుంచి ఒక పొట్టిపిల్ల ముందుకు వచ్చింది. వాళ్ల నాయన బస్టాండు దగ్గర స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేసేవాడు. అంతకుముందు ఆమెతో నేను మాట్లాడింది లేదు. ముఖానికి పెట్టుకునే ఇనుప మాస్కు పట్టీ తెగిపోయి ఉంటే పురికొసతో కట్టుకుంది. కూర్చుని గ్లవ్ చాచి, "వెయ్ మే," అంది.

వేశాను. బంతి నేలకు కొట్టుకుని ఆమె రొమ్ముకు తగిలి ఎదురుగానే పడింది. ఆమె కళ్లు మూయలేదు. ఆ రోజు నలభై బంతులకు తక్కువ వేసి ఉండను. ఒక్కటి కూడా ఆమెను దాటి వెనక్కి పోలేదు. ఆట అయ్యాక గ్లవ్ తీస్తే అరచేయి ఎర్రగా ఉబ్బి ఉంది. "నొప్పిగా ఉండాదా?" అంటే, "నీ బంతి బాగుండాది," అంది. అంతే మా స్నేహం మొదలు.

మేడమ్ ఆమెకు నేర్పింది ఒక్కటే. పట్టుకోలేకపోతే అడ్డం పడు. మోకాళ్లు రెండూ నేలకు ఆనించి, గడ్డం రొమ్ముకు ఆనించి, ఒళ్లంతా బంతికి అడ్డం పెట్టాలి. కాళ్లకు కట్టుకునే గార్డులు మాకు లేవు. మగపిల్లల స్కూలు నుంచి పాత క్రికెట్ ప్యాడ్లు అడిగి తెచ్చుకున్నాం. అవి ఆమెకు తొడల దాకా వచ్చేవి. చేతుల మీద, భుజాల మీద నల్లటి కమిలిన మచ్చలు. ఒక ఆదివారం నేను వాళ్లింటికి వెళ్తే వాళ్లమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది.

"నువ్వేనా పాపా బంతి ఇసిరేది?"

"అవునమ్మా."

"చూడు," అని కూతురి జాకెట్టు చేయి పైకి లాగి చూపించింది. "నా బిడ్డను గోడ చేసి పెట్టినారు కదా మీరంతా. ఆటంటే ఉరకడం, కొట్టడం. ఇదేం ఆట? దెబ్బలు తినేదా?"

ఆమె చేయి విడిపించుకుని, "అమ్మా, నేను ఆడ లేకుంటే ఈ పిల్ల వెయ్యలేదు," అంది, చాలా మామూలుగా. వాళ్లమ్మ ఇద్దరినీ చూసి లోపలికి వెళ్లి నాకూ ఒక గ్లాసు టీ తెచ్చింది.

అది నిజం. ఆమె లేకపోతే నేను వేయలేను. నాకు భయం ఎక్కువ, కోపం ఎక్కువ. రెండు బంతులు పక్కకు పోతే మూడోది ఇంకా గట్టిగా విసరబోయేదాన్ని. అప్పుడామె లేచి, మెల్లగా నడిచి నా దగ్గరికి వచ్చి, బంతిని నా చేతిలో పెట్టి, "ఏం తొందర? బస్సు పోతాందా?" అనేది. కొట్టే పిల్లల పాదాలు చూసి ఎవరు ఏ బంతికి మోసపోతారో చెప్పేది. అన్నిటికంటే ముఖ్యం, మూడో బేస్ మీద అవతలి పిల్ల కాచుకుని ఉన్నప్పుడు కూడా డ్రాప్ వెయ్యమనేది. బంతి దాటిపోతే ఆ పిల్ల ఉరికి వచ్చి పరుగు చేసేస్తుంది. వేరే ఏ క్యాచరైనా వద్దంటుంది. ఆమె రెండు వేళ్లు కిందికి చూపించేది. నేను ఉండానుగా, కిందికే వెయ్ అని.

పెనుకొండలో జోనల్ పోటీలు జరిగాయి. కొండ కింద మైదానం, రాళ్లు ఏరినకొద్దీ రాళ్లే. మూడు ఆటలూ మేం ఒక్కొక్క పరుగు తేడాతో గెలిచాం. ఆఖరి ఆటలో ఆఖరి పిల్లకు నేను వేసిన డ్రాప్ ఒక రాయికి తగిలి పక్కకు ఎగిరింది. ఆమె అటు దూకి మెడతో ఆపింది. నిజంగానే మెడతో. బంతి ఆమె ముందు పడింది, మూడో బేస్ మీది పిల్ల కదలలేకపోయింది. తర్వాతి బంతికి ఆట అయిపోయింది. అందరూ ఉరికొచ్చి నన్ను ఎత్తుకున్నారు. ఉత్తమ క్రీడాకారిణి అని నాకు కప్పు ఇచ్చారు. ఆమె ఒక పక్కన నిలబడి గొంతు పట్టుకుని దగ్గుతోంది. తిరుగు ప్యాసింజర్ రైల్లో కప్పు ఆమె ఒళ్లో పెట్టాను. చూసి, బాగుందని చెప్పి, తిరిగి ఇచ్చేసింది. ఆమె గొంతు రెండు రోజులు బొంగురుగానే ఉంది.

ఆ తర్వాత నెలకు ధర్మవరంలో జిల్లా జట్టు ఎంపిక జరిగింది. జట్టులో చేరి రాష్ట్ర పోటీల్లో ఆడితే వచ్చే సర్టిఫికెట్ ఎంత విలువైనదో మేడమ్ మాకు పోయేటప్పుడు రైల్లోనే చెప్పింది. ముందు ముందు కాలేజీలో, వ్యాయామ విద్య ట్రైనింగులో, క్రీడాకారుల కోటాలో సీటు దొరుకుతుంది. మా ఇద్దరికీ ఆటల టీచర్లం కావాలని కోరిక. అప్పటికే ఇద్దరం ఒకే బడిలో పనిచేసినట్టు ఊహించుకునేవాళ్లం.

ఎంపిక చేసేది ఒక పెద్ద వయసు సారు. ప్రతి పిల్లకూ పది బంతులు కొట్టమని ఇచ్చారు. మా క్యాచర్‌కు రెండు తగిలాయి, రెండూ కాళ్ల దగ్గరే పడ్డాయి. వేరే ఊరినుంచి ఇంకో క్యాచర్ వచ్చింది. బలమైన పిల్ల. పదిలో ఎనిమిది కొట్టింది, మూడు గోడ దాటాయి. చూస్తున్న వాళ్లంతా చప్పట్లు. తర్వాత నన్ను ఆ పిల్లకు బంతులు వేయమన్నారు. మామూలు బంతులు బాగానే పట్టింది. డ్రాప్‌లు నాలుగు వేస్తే మూడు దాటిపోయాయి.

మా మేడమ్ సారు దగ్గరికి వెళ్లి, "సార్, ఈ పిల్లకి మా క్యాచరే ఉండాల. బ్యాటింగ్ రాకుంటే రాకపోనీలెండి," అంది.

"అట్లెట్లమ్మా? జట్టులో తొమ్మిది మంది కొట్టాల. కొట్టనిదాన్ని తీసకపోయి ఏం చేసుకునేది? పట్టేది నాలుగు దినాల్లో నేర్చుకుంటారు," అన్నాడు సారు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ పాపకి వెయ్యడానికి నీకేమన్నా ఇబ్బందా? చెప్పు. ఇబ్బంది ఉంటే వేరే పిచర్లు కూడా ఉండారు."

ఆ చివరి మాట నా చెవిలో పడింది. మేడమ్ నా కళ్లలోకే చూస్తోంది. చెప్పు అని అడుగుతున్న చూపు అది. మా క్యాచర్ కొంచెం దూరంలో కింద కూర్చుని ప్యాడ్ల పట్టీలు విప్పుకుంటోంది, మా వైపు వీపు పెట్టి. నా చోటు కూడా పోతుందేమోనన్న భయం తప్ప ఇంకేమీ లేదు నాలో.

"ఏం ఇబ్బంది లేదు సార్," అన్నాను.

జాబితా చదివారు. నా పేరు ఉంది. ఆమె పేరు లేదు. తిరుగు రైల్లో మేడమ్ నాకు దూరంగా, అవతలి కిటికీ దగ్గర కూర్చుంది. ఆమె మాత్రం పల్లీలు కొని నాకు సగం ఇచ్చింది.

పది రోజుల శిక్షణా శిబిరం ధర్మవరంలోనే. రాష్ట్ర పోటీలు కూడా ఆ ఏడు అక్కడే. రెండో రోజునుంచే నాకు నరకం మొదలైంది. కొత్త క్యాచర్ చెడ్డ పిల్ల కాదు. నా డ్రాప్ అంటే ఆ పిల్లకు భయం, అంతే. బంతి నేలకు తగిలే ముందు ముఖం పక్కకు తిప్పేసేది. ప్రతి రెండో బంతీ వెనక గోడ దాకా పోయేది. శిబిరం నడిపేదీ ఎంపిక చేసిన సారే, ఆయన నన్నే అన్నాడు, "నువ్వు పైకి వెయ్. ఆ కింద పడేది మానెయ్." పైకి వేస్తే అందరూ కొట్టారు. కిందికి వేస్తే పోయింది. అన్నం సహించలేదు. ఐదో రోజు ధైర్యం చేసి సారు దగ్గరికి వెళ్లి, మా క్యాచర్‌ను పిలిపించమని అడిగాను. "లిస్టు పోయింది పాపా. ఆ దినమే అడిగినా కదా నిన్ను," అన్నాడు.

ఆదివారం సెలవు అడిగి హిందూపురం రైలెక్కాను. ఆమె ఇంటి ముందు కుక్కర్ మూతకు రబ్బరు తొడుగుతోంది.

"రా మే, నాతో," అన్నాను. "ఒకసారి నీ ఆట చూపిస్తే సారు ఒప్పుకుంటాడు."

"లిస్టులో లేనిదాన్ని యాడ కూచోబెడతావు? నీ పక్కనా?"

"నాకు చేతకావడం లేదు."

ఆమె రబ్బరు పూర్తిగా తొడిగింది. మూత పక్కన పెట్టి లేచి, వాకిట్లోనే మోకాళ్ల మీద కూర్చుంది. "ఆ పాపకి చెప్పు. బంతి చూడొద్దు, బంతి పడే చోటు చూడమను. పట్టుకునేకి పోవద్దు. కుడి మోకాలు ముందు దించాల, ఇట్ల. మాస్కు ఉండాది కదా, ముఖం తిప్పితేనే చెవికి తగులుతాది, నేరుగా పెడితే ఏం కాదని చెప్పు." మూడుసార్లు చేసి చూపించింది. తన చోటులో ఉన్న పిల్ల కోసం, వాకిట్లో, మట్టిలో. నేను చూడలేక తల దించుకున్నాను. ఎంపిక రోజు సారుతో ఏమన్నానో అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. రైలు టైమైందని లేచాను.

ఆమె చెప్పినవి కొత్త క్యాచర్‌కు చెప్పాను. పాపం, ప్రయత్నించింది. కొంచెం మెరుగుపడింది. కానీ రెండేళ్లు దెబ్బలు తిని ఒంటికి పట్టిన విద్య నాలుగు రోజుల్లో ఎట్లా వస్తుంది?

పోటీల్లో రెండో ఆటకు ఆమె వచ్చింది. హిందూపురం నుంచి పొద్దున రైలుకు వచ్చి తాడు అవతల జనంలో నిలబడింది. ఆఖరి ఇన్నింగ్స్‌లో మేం ఒక పరుగు ముందున్నాం. అవతలివాళ్లు ఇద్దరు అవుటయ్యారు. రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు. కొట్టే పిల్ల రెండు బంతులు తప్పింది. ఇంకొక్కటి తప్పితే ఆట మాదే. నేను డ్రాప్ వేశాను. నా జీవితంలో అంత మంచి బంతి వేసింది లేదు. ఆ పిల్ల బ్యాటు ఊపింది, తగల్లేదు. మా వాళ్లు ఎగిరి గంతేశారు.

కానీ ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఇద్దరు అవుటై ఉన్నప్పుడు, మూడోసారి తప్పిన బంతిని క్యాచర్ చేతిలో నిలుపుకోకపోతే కొట్టే పిల్ల ఇంకా అవుట్ కానట్టే. మొదటి బేస్‌కు ఉరకవచ్చు. బంతి మా క్యాచర్ కాళ్ల సందులోంచి వెనక గోడ దాకా దొర్లిపోయింది. మూడో బేస్ పిల్ల వచ్చేసింది. జనంలోంచి ఒక గొంతు వినిపించింది. "ఫస్ట్‌కి వెయ్! ఫస్ట్‌కి!" అది ఆమె గొంతే. అక్కడికి విసిరితే అప్పటికీ కొట్టే పిల్ల అవుటయ్యేది, ఆ పరుగు కూడా లెక్కలోకి వచ్చేది కాదు. మా క్యాచర్ కంగారులో నా వైపు విసిరింది. అది నా తల మీదుగా పోయింది. రెండో పిల్ల కూడా వచ్చేసింది.

ఓడిపోయాం. క్యాచర్ పిల్ల నేలమీద బోర్లా పడి ఏడ్చింది. అందరూ దాన్నే తిట్టారు. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఆమె తాడు దాటి వచ్చి నాకు నీళ్లు ఇచ్చింది. నేనిక ఆగలేకపోయాను. "ఆ రోజు సారు నన్ను అడిగినాడు మే. నేనే..."

"విన్నాను," అంది. "నేను ఆడనే ఉంటిని కదా."

"మరి ఎందుకు ఏమీ అనలేదు?"

"నువ్వు నిజం చెప్తే నిన్ను కూడా తీసేస్తారేమో అని నాకూ అనిపించింది. అందుకే అన్లేదు." నీళ్ల సీసా తిరిగి తీసుకుని, "కానీ ఒకసారి నా పక్క చూసింటే బాగుండు," అంది.

ఆడిన సర్టిఫికెట్ నాకు వచ్చింది. గెలిచినా ఓడినా వస్తుంది అది. ఇంటర్ తర్వాత దాంతోనే నాకు ట్రైనింగులో సీటు వచ్చింది. ఆమె దరఖాస్తు తిరిగి వచ్చింది. జోనల్ కాగితం చెల్లదట. మరుసటి ఏడు మళ్లీ పెట్టింది. మళ్లీ తిరిగి వచ్చింది. అప్పుడు నేను సెలవు పెట్టి వచ్చి ఆమెను వెంటబెట్టుకుని ధర్మవరం వెళ్లాను. సారు ఇంటికి. ఒక ఉత్తరం రాసిస్తే ఏదైనా దారి దొరుకుతుందేమోనని.

"ఏమని రాసేదమ్మా?" అన్నాడు సారు.

"పెనుకొండలో మా జట్టును గెలిపించింది సార్."

"గెలిపించిందని యాడ రాసిండారు? చూపించు."

మేడమ్ దాచిపెట్టిన పాత స్కోరు కాగితాలు నా దగ్గర ఉన్నాయి. తీసి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఆమె పేరు ఎదురుగా అన్నీ సున్నాలు. ఆపిన బంతులు రాయడానికి ఆ కాగితంలో గడే లేదు. రాకుండా పోయిన పరుగులు ఎవరు రాస్తారు?

"ఆ దినం నేను అబద్ధం చెప్పినాను సార్," అన్నాను. "ఆ పాపకి వెయ్యలేనని నాకు తెలుసు. నా చోటు పోతాదని భయపడి చెప్పినా. తప్పు నాది. ఈమెకు శిక్ష ఎందుకు?"

సారు కాగితాలు మడిచి నా చేతిలో పెట్టాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు. "ఇప్పుడు చెప్తే నేనేం చేసేది పాపా?" అన్నాడు.

బయటికొచ్చాక మగ్గాల చప్పుడు వీధి పొడుగునా. నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. "ఇంగ చాలు మే, ఈ కాగితాలు ఎవరికీ చూపించొద్దు. నాకు సిగ్గుగా ఉండాది," అంది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు నాకు పెనుకొండ హైస్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆమెకు పెళ్లయింది, ఒక కూతురు. హిందూపురం దగ్గర బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. ఒకసారి బస్టాండులో కలిసినప్పుడు మా పిల్లలకు క్యాచింగ్ నేర్పించమని బతిమాలాను. వద్దు వద్దంటూనే ఆదివారం వచ్చింది. చీర కొంగు నడుముకు దోపి, పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "కుడి మోకాలు ముందు," అంది. ఆరు ఆదివారాలు వచ్చింది. ఆ ఆరు ఆదివారాలు ఆమె ముఖం చూస్తే మళ్లీ బడిపిల్లలాగే ఉండేది. నేను ఊరుకోలేదు. ఆమెను శిక్షకురాలిగా తీసుకోమని పై ఆఫీసుకు రాశాను. చిన్న పనైనా సరే అని రాశాను. రాష్ట్ర పోటీల్లో ఆడిన సర్టిఫికెట్ జతచేయమని జవాబు వచ్చింది.

ఆ జవాబు నేను ఆమెకు చూపించకూడదనుకున్నాను. బల్లమీద ఉంటే తనే చదివింది. చదివి, కాగితం మడిచి అక్కడే పెట్టి, మైదానంలోకి వెళ్లి, ఆ రోజు పాఠం పూర్తిగా చెప్పింది. సాయంత్రం బస్సు ఎక్కించడానికి వెళ్లాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి నా చేయి పట్టుకుంది.

"ఇంగ నన్ను పిలవద్దు మే."

"ఎందుకు? ఫ్యాక్టరీలో ఆదివారం పని పెట్టినారా?"

"అది కాదు. ఈడికి వస్తే మళ్లా సోమవారం ఆ మిషను ముందు కూచోబుద్ది కాదు నాకు. సూది చూస్తాంటే గ్రౌండే కనపడతాది. నా బిడ్డ ఉండాది, పని చేసుకోవాల కదా. పిలిస్తే వస్తాను నేను. అందుకే పిలవద్దు."

బస్సు వెళ్లిపోయింది. తర్వాతి ఆదివారం పొద్దున మా పిల్లలు, "ఆ అక్క రాలేదా మేడమ్?" అని అడిగారు. రాదని చెప్పాను. ఎన్నోసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఫ్యాక్టరీ నంబరు నాకు నోటికి వచ్చు. పిలవలేదు.